చెరువు కట్ట నుంచి రాతి పగులు దాకా: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సీమలో నీరు, యురేనియం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల చుట్టూ ఉన్న సీమలో జనం నీటిని వెతుక్కున్న తీరు ఆరు శతాబ్దాలలో క్రమంగా నేల మీది నుంచి నేల లోపలికి దిగింది. విజయనగర కాలంలో వాన నీటిని, వాగు నీటిని కట్ట వేసి ఆపుకున్నారు. ఆ తర్వాత చాలాకాలం గరుసు నేలలో ఇంకిన నీటిని బావులతో తోడుకున్నారు. గత యాభై ఏళ్లలో గట్టి బండ లోపలి పగుళ్లలో దాగిన నీటి కోసం వందల అడుగుల లోతుకు బోర్లు దించారు. ఈ చివరి దశలోనే, అంతకుముందు ఈ ప్రాంతపు తాగునీటి చర్చలో ఎన్నడూ వినిపించని యురేనియం అనే మాట ముందుకొచ్చింది. యురేనియం కొత్తగా పుట్టినది కాదు, 250 కోట్ల ఏళ్లుగా ఆ రాతిలోనే ఉంది. మారినది మనిషి నీళ్లు తెచ్చుకునే చోటు. అందుచేత ఇక్కడి భూగర్భజలాలలో యురేనియం కథను అర్థం చేసుకోవాలంటే రాతి చరిత్రనూ నీటి చరిత్రనూ కలిపి చదవడం తప్ప మరో దారి లేదు.

ఒకనాటి అనంతపురం జిల్లాలో భాగమై, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఈ మూడు పట్టణాలూ భూవిజ్ఞానులు తూర్పు ధార్వార్ క్రేటాన్ అని పిలిచే అతి పురాతన శిలాఫలకం మీద ఉన్నాయి. క్రేటాన్ అంటే కోట్లాది సంవత్సరాలుగా పెద్ద కదలికలు లేక స్థిరపడిపోయిన ఖండపు గట్టి భాగం. ఇక్కడి నేల అడుగున ఎక్కువగా ఉన్నవి గ్రానైట్, గ్రానైట్‌ను పోలి పొరలు పొరలుగా చారలు తేలిన నైస్ రాళ్లు. వాటి మధ్య, ధర్మవరానికి పడమరగా ఉన్న రామగిరి ప్రాంతంలో, అగ్నిపర్వత శిలలు రూపాంతరం చెంది ఏర్పడిన సన్నని శిస్టు పట్టీ ఒకటి ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. ఈ పట్టీని కోసిన కదలిక మండలాల వెంట, అంటే రాళ్లు ఒకదాని పక్క నుంచి మరొకటి ఒరుసుకుంటూ జారి నలిగిన చోట్ల వెంట, లోతుల నుంచి వేడి ద్రవాలు పైకి వచ్చి తెల్లరాయి అనే క్వార్ట్జ్ సిరలలో బంగారాన్ని వదిలాయి. 20వ శతాబ్దపు తొలి దశకాలలో కంపెనీలు రామగిరిలో ఆ బంగారాన్ని తవ్వి 1927 నాటికి గనులు మూసేశాయి. తర్వాత భారత్ గోల్డ్ మైన్స్ తిరిగి తెరిచిన తవ్వకం 2001 దాకా నడిచింది. బంగారానికి దారి ఇచ్చినవీ, నేడు బోర్లకు నీరు ఇస్తున్నవీ, ఆ నీటిలో యురేనియాన్ని చేరుస్తున్నవీ ఒకే జాతి పగుళ్లు కావడం ఈ సీమ భూచరిత్రలో గమనించదగిన సంగతి.

భ్రంశం అంటే రాతిలో ఏర్పడిన పగులుకు రెండు వైపులా ఉన్న భాగాలు ఒకదానితో ఒకటి పోలిస్తే స్థానం తప్పడం. కదలిక లేకుండా కేవలం చీలిన పగులును సంధి అంటారు. భ్రంశం ఒక గీతలాంటి చీలిక మాత్రమే కాదు. పెద్ద భ్రంశం వెంట కొన్ని మీటర్ల నుంచి వందల మీటర్ల వెడల్పు వరకు రాయి నుజ్జయి, పిండిగా నలిగి, చుట్టూ అల్లుకున్న చిన్న పగుళ్ల వలతో నిండి ఉంటుంది. గ్రానైట్ ప్రాంతాలలో వాగులు ఇలాంటి బలహీన రేఖలనే పట్టుకుని పారడం సాధారణం కనుక, పటాల మీద తిన్నగా సాగే వాగులను, వరుసగా కనిపించే పచ్చని చెట్లను, గుట్టల మధ్య నిలువుగా కోసుకుపోయిన కనుమలను బట్టి అడుగున ఉన్న పగుళ్లను ఊహించవచ్చు. వీటికి తోడు, అతి పురాతనమైన నల్లరాతి గోడలు, అంటే పగుళ్లలోకి ఎగదన్నిన శిలాద్రవం గట్టిపడి ఏర్పడిన డోలరైట్ డైకులు, అనంతపురం సీమ అంతటా నల్లని రాళ్ల కుప్పల వరుసలుగా కనిపిస్తాయి. అవి కొన్నిచోట్ల భూమి లోపల కట్టిన ఆనకట్టల వలె నీటిని ఎగువన ఆపుతాయి. అంచుల వెంట రాయి చిట్లిన చోట నీటికి దారి కూడా ఇస్తాయి.

విజయనగర పాలకుల కాలానికి ఈ లోపలి నీటితో పని పడలేదు. 1388 నాటి శాసనం ఒకటి, నేడు కర్ణాటకలో ఉన్న గౌరిబిదనూరు తాలూకాలో దొరికినది, రెండవ హరిహరరాయల కుమారుడు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉండగా ప్రజల సుఖం కోసం పెన్నా నీటిని పెనుకొండకు తేవలసిందిగా జలసూత్ర విద్యలో ఆరితేరిన సింగయభట్టును ఆజ్ఞాపించిన సంగతిని, అతడు సిరువెర చెరువుకు కాలువ తవ్వించి దానికి రాజు పేరు పెట్టిన సంగతిని నమోదు చేసింది. ఒక రాజ్య యంత్రాంగం తాగునీటిని తన బాధ్యతగా రాతి మీద చెక్కించుకున్న ఈ సందర్భం దక్షిణ భారత నీటి చరిత్రలో విలువైనది. 1565 యుద్ధం తర్వాత తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చేనాటికి ఈ సీమ చెరువుల సీమగా స్థిరపడింది. చిత్రావతి మీద ఆధారపడిన బుక్కపట్నం చెరువు బుక్కరాయల పేరుతో, ధర్మవరం చెరువు క్రియాశక్తి ఒడయరు పేరుతో ఐతిహ్యాలలో నిలిచాయి. తూము తీసి పొలాలకు నీరు పంచే నీరుగంటి, వరద పొర్లిపోయే మరువ, కట్ట మరమ్మతు చేసేవారికి ఇచ్చిన దశబంధం ఇనాము, ఇవన్నీ కలిసి ఒక వ్యవస్థ అయింది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదిలిన తర్వాత వచ్చిన కలెక్టరు థామస్ మన్రో పాలనలోనూ, శిస్తు లెక్కలు మారినా, నీటికి ఆధారం చెరువే.

రసాయనశాస్త్రం దృష్టిలో చెరువు నీటికి ఒక గుణం ఉంది. ఆకాశం నుంచి పడిన నీరు రాతితో ఎక్కువకాలం ఒరుసుకోకుండానే చెరువులో చేరుతుంది కనుక అందులో లవణాలు తక్కువ, యురేనియాన్ని కరిగించి పట్టి ఉంచే బైకార్బొనేట్ తక్కువ. కుళ్లిన ఆకులు అలములతో నిండిన అడుగు ఒండ్రు మట్టి, కరిగి వచ్చిన కొద్దిపాటి యురేనియాన్ని కూడా తనలోకి లాక్కుంటుంది. పెన్నా, జయమంగళి, చిత్రావతి నదుల ఇసుకలో ప్రతి ఏటా తవ్వుకుని, ఇసుక పొరలోని నీటిని పల్లానికి మళ్లించే ఊటకాలువల నీరు కూడా ఇలాంటిదే. ఎద్దులతో కపిల తోలి నీరు తోడిన బావులు గరుసు పొరను, అంటే వాతావరణ ప్రభావంతో చివికి వదులైన పై రాతిని దాటి లోతుకు పోయేవి కావు. ఆ పొరలోని యురేనియంలో కరిగిపోగలిగినది లక్షల ఏళ్ల వానలకు ఏనాడో చాలావరకు కడుక్కుపోయింది. పూర్వీకులకు ఈ సంగతి తెలిసి చేశారని అనడానికి ఆధారం లేదు. వారి పనిముట్లు చేరగలిగిన లోతు వారిని కాపాడింది.

ఆ లోతు హద్దు 20వ శతాబ్దం చివరి భాగంలో చెరిగిపోయింది. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే, దేశంలోని అత్యల్ప వర్షపాత జిల్లాలలో ఒకటైన అనంతపురంలో చెరువులు పూడిపోయి, ఊటకాలువల మరమ్మతు ఆగిపోయి, ఆయిల్ ఇంజన్లు, ఆ తర్వాత కరెంటు మోటార్లు బావులను ఎండగట్టాయి. బిహార్ కరువు సందర్భంగా 1967లో యునిసెఫ్ గట్టి రాతిని గాలి ఒత్తిడితో తొలిచే యంత్రాలను భారతదేశానికి తెచ్చింది. ఆ విధానం వ్యాపించి, తమిళనాడులోని తిరుచెంగోడు బోరుబండ్లు రాయలసీమ పల్లెల్లో మామూలు దృశ్యమయ్యాయి. మొదట ఎండిన బావి అడుగున బోరు, బావి గోడలలోకి అడ్డబోర్లు, ఆ తర్వాత నేరుగా పొలంలో మూడు వందల అడుగులు, ఆరు వందలు, కొన్నిచోట్ల వెయ్యి. పెద్ద పట్టుగూళ్ల మార్కెట్ ఉన్న హిందూపురం పరిసరాల మల్బరీ తోటలకు ఏడాది పొడవునా తడి కావాలి. ధర్మవరం మగ్గాలు అడిగే పట్టుకు ఆ తోటలూ ఒక మూలం కనుక, పట్టుచీరకూ బోరుబావికీ ఈ సీమలో ఆర్థికంగా విడదీయలేని బంధం ఏర్పడింది. 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వచ్చిన వాల్టా చట్టం బోర్ల మధ్య దూరాన్ని, అనుమతులను నిర్ణయించింది గాని, దిగుతున్న లోతును ఆపలేకపోయింది.

గ్రానైట్‌లో బోరు వేసేవారు వెతికేది రాయిని కాదు, రాతిలోని చీలికను. గ్యాపు తగిలిందని వారు చెప్పేది బోరు పగుళ్ల మండలాన్ని చేరినప్పుడే. ఉపగ్రహ చిత్రాలు అందుబాటులోకి వచ్చాక జాతీయ తాగునీటి మిషన్ కోసం తయారైన భూగర్భజల పటాలలో పగుళ్ల రేఖలను గీసి, రెండు రేఖలు కలిసే చోట బోరు పాయింట్ పెట్టడం ప్రభుత్వ ఇంజనీర్ల పద్ధతిగా మారింది. నీరు దొరకడానికి ఇది సరైన శాస్త్రమే. కాని యురేనియం దృష్టిలో చూస్తే, ఎక్కువ కరిగే అవకాశం ఉన్న చోటునే ఏరి ఏరి బోరుకు ఎంచుకోవడం కూడా ఇదే. అర శతాబ్దంగా సాగిన ఈ ఎంపిక వల్ల నీటి లభ్యతా, నీటి దోషమూ ఒకే రేఖ మీద పడ్డాయి.

దీనికి కారణం రాతి లోపల ఉంది. భూమి పైపెంకులో సగటున టన్నుకు మూడు గ్రాముల లోపు యురేనియం ఉంటే, గ్రానైట్‌లో సాధారణంగా మూడు నుంచి ఐదు గ్రాములు ఉంటుంది. అది ఎక్కువగా జిర్కాన్, అలనైట్, మోనజైట్, అపటైట్ వంటి ఇసుకరేణువంత ఖనిజాలలోను, కొన్నిచోట్ల యురేనియం ఆక్సైడ్ అయిన యురేనినైట్ రేణువులలోను బిగిసి ఉంటుంది. టన్ను రాతిలో నాలుగు గ్రాములే ఉన్నా అది మొత్తం కరిగితే, లీటరుకు 30 మైక్రోగ్రాముల చొప్పున 1,33,000 లీటర్ల నీటిని తాగునీటి హద్దుకు తేగలదు. మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు. కాబట్టి నీటిలో యురేనియం ఉందంటే అడుగున గని ఉండాలనే భావన తప్పు. చెక్కుచెదరని బండలో ఈ ఖనిజాలను నీరు తాకదు. భ్రంశం ఆ బండను నలిపినప్పుడు నీరు తాకగల రాతి ఉపరితలం ఎన్నో వేల రెట్లు పెరుగుతుంది; అణుధార్మికత వల్ల కోట్ల ఏళ్లుగా స్ఫటిక నిర్మాణం దెబ్బతిన్న ఖనిజ రేణువులు చిట్లి, నీటికి తేలిగ్గా లొంగుతాయి.

అయితే తాకినంత మాత్రాన కరగదు. యురేనియం పరమాణువు నాలుగు ఎలక్ట్రాన్లను వదిలిన స్థితిలో దాదాపు కరగదు. ఆక్సిజన్ సోకి ఆరు ఎలక్ట్రాన్లను వదిలిన స్థితికి మారితే యురనైల్ అనే రూపంలో నీటిలో కలిసిపోతుంది. ఆ యురనైల్‌ను బైకార్బొనేట్, దానితోపాటు కాల్షియం కలిసిన సంయోగాలు కట్టిపడేసి, తిరిగి రాతికి అంటుకోనివ్వకుండా నీటిలోనే కరిగి ఉండేలా చేస్తాయి. వాన తక్కువై, ఆవిరి ఎక్కువై, ఫెల్డ్‌స్పార్ ఖనిజాలు నిదానంగా చివికే అనంతపురం సీమలో భూగర్భజలాలకు క్షార స్వభావం, అధిక బైకార్బొనేట్ సహజ లక్షణాలు. భ్రంశం ఇక్కడ రెండోసారి పాత్ర వహిస్తుంది: ఆక్సిజన్ ఉన్న వాన నీటిని అది బండలో వందల అడుగుల లోతుకు చేర్చే నిట్టనిలువు దారి అవుతుంది. బోర్లు విపరీతంగా తోడి నీటిమట్టాన్ని దించినప్పుడు, వేల ఏళ్లు నీటిలో మునిగి ఆక్సిజన్ ఎరుగని పగుళ్లలోకి గాలి చొరబడుతుంది, వర్షాకాలంలో మట్టం తిరిగి లేచినప్పుడు అప్పటిదాకా బిగిసి ఉన్న యురేనియం కడుక్కొస్తుంది. పొలాలలో వేసిన ఎరువుల నుంచి ఇంకే నైట్రేట్ కూడా ఇలాంటి ఆక్సీకరణకు తోడ్పడుతుందని, అమెరికాలోని రెండు పెద్ద జలస్తరాల సమాచారాన్ని పరిశీలించిన నెబ్రాస్కా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో చూపారు.

ఇంత చెప్పినా, భ్రంశం ఉన్న ప్రతిచోటా యురేనియం ఎక్కువగా ఉంటుందని నిర్ధారించడం శాస్త్రం కాదు. ఒక పగులు నేరుగా చెరువు అడుగుకు తెరుచుకుని ఉంటే కొత్త నీరు త్వరగా దిగి పాత నీటిని పలుచన చేస్తుంది. అలాంటి బోరులో యురేనియం తక్కువగానే తేలవచ్చు. మరొక భ్రంశంలో నలిగిన పిండి బంకమట్టిగా మారి దారిని మూసేస్తే, నీరు లోపల ఏళ్ల తరబడి నిలిచి రాతితో నానుతూ ఉంటుంది. పగులు గోడల మీద తుప్పులా పట్టిన ఇనుప హైడ్రాక్సైడ్ యురేనియాన్ని పీల్చి దాచుకుంటుంది. బైకార్బొనేట్ పెరిగిన రోజున దాన్ని వదిలేస్తుంది. ఈ కారణంగా, ఒకే ఊళ్లో వంద గజాల దూరంలో ఉన్న రెండు బోర్ల నీరు ఒకటి నిర్భయంగా తాగదగినదీ, మరొకటి తాగరానిదీ కావచ్చు. ఊరికి ఒక నమూనా తీసి ఊరంతటికీ తీర్పు చెప్పే పద్ధతి ఇలాంటి నేలలో మౌలికంగానే పనికిరాదు.

యురేనియం ఉన్న నీటిని శాస్త్రజ్ఞులు చాలాకాలం వేరే కంటితో చూశారు. 1949లో మొదలై తర్వాత హైదరాబాద్ కేంద్రంగా పనిచేస్తున్న అణుఖనిజ అన్వేషణ సంస్థకు బావి నీటిలో యురేనియం ఒక ఆచూకీ. నీటిలో అది ఎక్కువైతే ఎగువన ఖనిజ నిక్షేపం ఉండవచ్చునని వెతకడం ప్రపంచమంతటా ఉన్న పద్ధతి. ఈ సీమకు తూర్పున ఉన్న కడప శిలాద్రోణి అంచులలో, తుమ్మలపల్లె సున్నపురాతి జాతి శిలలలోను, ద్రోణి చుట్టూ ఉన్న గ్రానైట్ పగుళ్లలోను ఆ సంస్థ యురేనియాన్ని గుర్తించింది. నిక్షేపానికి తోవ చూపే అంకెగా పనికొచ్చినదే, తాగే మనిషికి సంబంధించిన అంకె కూడా అని గుర్తించడానికి దశాబ్దాలు పట్టింది. ఈ ఆలస్యంలో తెలుగువారికి ముందే ఒక పాఠం ఉంది: 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో, నీటిలోని ఫ్లోరిన్ వల్ల ఎముకలు బిగుసుకుపోయే వ్యాధిని వైద్యులు వివరించిన తర్వాత కూడా, నల్లగొండ, ప్రకాశం, అనంతపురం పల్లెలు ఆ నీటినే తాగుతూ వచ్చాయి. ఫ్లోరైడూ యురేనియమూ గ్రానైట్, క్షార జలం, లోతు బోరు అనే ఒకే పరిస్థితులలో బయటపడేవి. ఒకదాన్ని కొలిచే ప్రయోగశాల రెండోదాన్ని వదిలేయడానికి సమర్థన లేదు.

కర్ణాటక సరిహద్దుకు అవతల యురేనియం కొలత జరిగింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు, మంగళూరు విశ్వవిద్యాలయానికి చెందిన శాస్త్రజ్ఞులు తూర్పు కర్ణాటక గ్రామాల తాగునీటిని పరీక్షించి 2021లో కరెంట్ సైన్స్ పత్రికలో ప్రచురించిన ఫలితాల ప్రకారం, 73 గ్రామాలలో 57 చోట్ల యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములను దాటింది. హిందూపురం, మడకశిర మండలాలకు ఆనుకుని ఉన్న తుమకూరు, చిక్కబళ్లాపురం జిల్లాలు, వాటి పక్కనున్న కోలారు ఆ అధ్యయనంలో ఉన్నాయి. రాష్ట్రాల సరిహద్దు ఒక పరిపాలన గీత. గ్రానైట్‌కు గాని, దాన్ని కోసిన పగుళ్లకు గాని అది తెలియదు. పెన్నా, చిత్రావతి రెండూ ఆ జిల్లాల నుంచే ఇటు ప్రవహిస్తాయి. దేశమంతటా కేంద్ర భూగర్భజల మండలి 2020లో వెలువరించిన యురేనియం నివేదిక ప్రధానంగా లోతు తక్కువ జలస్తరాలకు సంబంధించినది కనుక, వెయ్యి అడుగుల బోరు నీరు తాగుతున్న ఊరికి దాని అంకెలు ధైర్యం చెప్పలేవు.

తాగునీటిలో యురేనియం హద్దుల చరిత్ర కూడా నిలకడగా సాగలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో లీటరుకు 2 మైక్రోగ్రాములని, 2004లో 15 అని, 2011లో 30 అని సూచన విలువను మార్చింది. భారత అణుశక్తి నియంత్రణ మండలి 60ని హద్దుగా పెట్టింది. భారత ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణంలో 30ని 2021లో చేర్చింది. సహజ యురేనియంలో అధికభాగమైన రకానికి అర్ధాయువు, అంటే ఉన్నదానిలో సగం క్షీణించడానికి పట్టే కాలం, 447 కోట్ల సంవత్సరాలు కనుక దాని అణుధార్మికత చాలా మందకొడి. అసలు భయం రసాయన విషంగా అది మూత్రపిండాలలోని సూక్ష్మనాళికలకు చేసే హానిని గురించినది. ఫిన్లాండ్‌లోనూ ఇదే గ్రానైట్, ఇవే లోతు బోర్లు. అక్కడ తవ్విన బావులలో యురేనియం తక్కువ, తొలిచిన బోర్లలో ఎక్కువ. ఆ నీటిని ఏళ్ల తరబడి తాగినవారి మీద 2002లో ప్రచురితమైన పరిశోధన మూత్రపిండాల పనితీరులో స్వల్పమైన మార్పులను గుర్తించింది గాని, విస్తృతమైన వ్యాధిని చూపలేదు. భయపెట్టే ప్రచారానికీ, నిర్లక్ష్యానికీ రెండింటికీ ఈ ఆధారం సమాధానం చెబుతుంది. మరిగించినందువల్ల యురేనియం పోదు. ఆర్‌ఓ యంత్రాలు చాలావరకు తొలగిస్తాయి, కాని అవి వదిలే వ్యర్థ జలంలో అదంతా గాఢమై చేరుతుంది.

నీరు మళ్లీ నేల మీదికి రావడం కూడా ఈ చరిత్రలో భాగమే. 1990ల మధ్యలో సత్యసాయి ట్రస్టు అనంతపురం జిల్లాలోని 700కు పైగా గ్రామాలకు తాగునీటి పథకాన్ని అందించింది. పెన్న అహోబిలం జలాశయం నుంచి శ్రీరామరెడ్డి పథకం హిందూపురం, మడకశిర వైపు గొట్టాలు వేసింది. హంద్రీ-నీవా కాలువతో వచ్చిన కృష్ణా జలం 2016లో పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయాన్ని చేరింది. సింగయభట్టు నదీజలాన్ని పెనుకొండకు మళ్లించిన ఆరు వందల ఏళ్ల తర్వాత ప్రభుత్వాలు తిరిగి అదే పరిష్కారానికి వచ్చాయి. అయినా గొట్టపు నీరు ఆగిన రోజున, వేసవిలో, పొలంలోని ఇళ్లలో, గొట్టం చివరి ఊళ్లలో నోటికి అందేది బోరు నీరే. చెరువుల పూడిక తీసి, పగుళ్ల రేఖల ఎగువన నీటిని ఇంకించే పనులు చేపడితే లోపలి నీరు పలుచనయ్యే అవకాశం ఉంది. కాని ఎంత పలుచనైందో కూడా కొలిస్తేనే తెలుస్తుంది.

గ్రామ పంచాయతీ ఏ బోరునైనా తాగునీటి ట్యాంకుకు కలిపే ముందు ఫ్లోరైడ్, నైట్రేట్‌తోపాటు యురేనియాన్ని పరీక్షించాలి. ఫలితాన్ని బోరు లోతుతో, పగులు తగిలిన లోతుతో కలిపి నమోదు చేసి, వర్షాకాలానికి ముందూ తర్వాతా మళ్లీ చూడాలి. హద్దు దాటిన బోరుపై ఎర్ర రంగు వేసి, పశువులకు, పొలానికి మాత్రమే వదలాలి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలోని ప్రతి తాగునీటి బోరుకూ ఇలాంటి పట్టిక ఒకటి తయారుచేసి గ్రామ సచివాలయం గోడ మీద తెలుగులో పెట్టవలసిన బాధ్యత గ్రామీణ నీటి సరఫరా శాఖది, భూగర్భజల శాఖది. దాన్ని అడిగి తీసుకోవలసిన హక్కు ఆ నీరు తాగే ప్రతి ఇంటిది.